అంగడి నడుపుకుంటూ, పాటలు రాసుకుంటూ, కోడింగ్ నేర్చుకోవడం

(సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు మాకిచ్చిన అంశం కాగితం మీద చాలా పెద్దగా ఉంది. చిన్న వ్యాపారం చేసుకుంటూ, మనకిష్టమైన పనులు వదులుకోకుండా, కోడింగ్ కూడా నేర్చుకోవడం ఎట్లా అని. ముందే చెప్పేస్తాం, మేము ఇంజనీర్లం కాము. బుక్కరాయసముద్రంలో టైలరింగ్ అంగడి పెట్టుకున్న ఆలుమగలం. రెండు కుట్టు మిషన్లు, ఒక పీకో మిషను, మూలన ఒక జెరాక్స్ మిషను. 2018లో జిల్లాకు సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది, దాని సొంత స్థలం మన మండలంలోనే, జంతులూరు దగ్గర. ఆ ధైర్యంతోనే జెరాక్స్ పెట్టుకున్నాం. ఇక్కడ నిలబడి మాట్లాడేది ఒకరే అయినా మాట ఇద్దరిదీ. అందుకే 'మేము' అంటున్నాం.

మాకు ఇష్టమైన పనులు రెండు. ఒకటి కాంచళి మీద, టుక్రి మీద అద్దాల కుట్టు. రెండోది పాటలు రాసిపెట్టుకోవడం. తీజ్ పండుగలో పెళ్ళికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టలకు నీళ్ళు పోస్తూ పాడేవి, హోళీకి పాడే లెంగి పాటలు, పెళ్ళిలో పిల్ల పుట్టిల్లు విడిచేటప్పుడు పాడే ఢావ్లో, హవేలి. ఎవరైనా పెద్దావిడ పాడుతుంటే నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. మన గోర్ బోలికి సొంత లిపి లేదు కాబట్టి మేము చదువుకున్న లిపిలోనే రాసుకున్నాం. ఇప్పటికి మూడు నోటుబుక్కులు నిండాయి.

కోడింగ్ మా జీవితంలోకి ఈ నోటుబుక్కుల దారిలోనే వచ్చింది. ఉద్యోగం కోసం కాదు, అంగడి లాభం కోసం కూడా కాదు. ఆ సంగతే ఈరోజు కాస్త వివరంగా చెప్పాలని ఉంది.

మనకు చుట్టరికాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీకు తెలుసు. ఇక్కడి పిల్లలను బళ్ళారి వైపు, సండూరు వైపు ఇచ్చాం. కొందరి బంధువులు షోలాపూర్ దాకా ఉన్నారు. ఆంధ్రలో మనం ఎస్టీలం. కర్ణాటకలో ఎస్సీలం. మహారాష్ట్రలో విముక్త జాతులం. సర్టిఫికెట్టు మారుతుంది, మాట మారదు. సండూరు యాడి ఫోనులో మాట్లాడితే ఒక్క మాట కూడా తిప్పి అడగాల్సిన పనిలేదు. కానీ మేము ఒక తీజ్ పాటను నోటుబుక్కులో నుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే వచ్చిన జవాబేమిటి? "బాగుంది గానీ చదవలేము, మాకు తెలుగు రాదు." వాళ్ళ పిల్లలు కన్నడ బడిలో చదివారు. షోలాపూర్ వాళ్ళు మరాఠీలో చదివారు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్ళు 32 లక్షల పైచిలుకు. బంజారీ అని చెప్పినవాళ్ళ లెక్క అక్కడ వేరే ఉంది. ఆ రెండింటినీ హిందీ కిందే జమ వేశారు. అన్ని లక్షల మంది మాట్లాడే భాషలో ఒక పాట రాస్తే పక్క జిల్లా చుట్టం చదవలేకపోవడం మాకు ముల్లులా గుచ్చుకుంది.

చేత్తో మళ్ళీ కన్నడలో రాద్దామంటే మాకు కన్నడ రాదు. టైపింగ్ చేయించాలంటే డబ్బు, పైగా టైపు చేసేవాడికి గోర్ బోలి రాదు. అప్పుడు జెరాక్స్ కోసం వచ్చిన ఒక విద్యార్థి ఒక మాట చెప్పి వెళ్ళాడు. "కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది." అంతే చెప్పాడు. అతని పేరు కూడా మేము అడగలేదు.

ఆ నంబర్ల సంగతి మీకు కొంచెం చెప్తాం, భయపడకండి, కూడికలే. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి యూనికోడ్ అని ఒక పట్టిక ఉంది. అందులో తెలుగు 'అ' నంబరు 3077. కన్నడ 'అ' నంబరు 3205. తేడా 128. తెలుగు 'ప' 3114, కన్నడ 'ప' 3242. మళ్ళీ 128. ఏ అక్షరం తీసుకున్నా దాదాపు అదే తేడా. ఇది కాకతాళీయం కాదు. అంతకుముందు మన దేశంలోనే ఇస్కీ అనే ప్రమాణం తయారు చేసినప్పుడు భారతీయ లిపులన్నిటినీ ఒకే వరుసలో అమర్చారు, క కింద క, గ కింద గ వచ్చేటట్టు. యూనికోడ్ వాళ్ళు ఆ అమరికనే తీసుకున్నారు. ఒక్కో లిపికి 128 గదులు. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా. దాని పక్క గదులే కన్నడవి. దేవనాగరి ఇంకా వెనక, 2304 నుంచి మొదలవుతుంది. తెలుగులో నుంచి 768 తీసేస్తే దేవనాగరి.

అంటే తెలుగులో రాసిన గోర్ బోలి పాటకు, అక్షరం అక్షరానికీ 128 కలిపితే కన్నడ లిపి. 768 తీసేస్తే మరాఠీ వాళ్ళు చదివే లిపి. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో అక్షరం నంబరు చెప్పేదాన్ని ఆర్డ్ అంటారు, నంబరుకు అక్షరం ఇచ్చేదాన్ని సి.హెచ్.ఆర్. అంటారు. ఆ రెండూ, మధ్యలో ఒక కూడిక. అసలు పని నాలుగైదు వరుసల్లో అయిపోతుంది.

అయితే అన్నిటికీ కలపకూడదు. తెలుగు గదుల్లో ఉన్న వాటికే కలపాలి. చివర పెట్టే చుక్క నంబరు 46. దానికీ 128 కలిపితే 174 అవుతుంది. ఆ గదిలో ఉండేది గుండ్రంలో ఇంగ్లీషు ఆర్ అక్షరం, కంపెనీలు ట్రేడ్‌మార్కు పక్కన పెట్టుకునే గుర్తు. పాట ప్రతి పాదం చివరా ఆ గుర్తు వస్తే మన తీజ్ పాటను ఎవరో పేటెంటు చేసుకున్నారని బంధువులు కంగారు పడతారు. అందుకని "నంబరు 3072కూ 3199కీ మధ్య ఉంటేనే కలుపు, లేకపోతే అలాగే వదిలెయ్" అని ఒక షరతు.

దేవనాగరిలో ఇంకో చిక్కు. మనకు ఎ, ఏ రెండూ ఉన్నాయి. ఒ, ఓ రెండూ ఉన్నాయి. మరాఠీ చదివేవాళ్ళకు పొట్టి ఎ, పొట్టి ఒ అలవాటు లేదు. పట్టికలో వాటికి గదులు ఉన్నాయి గానీ షోలాపూర్ పిల్లలు ఆ అక్షరాలు బడిలో చూడలేదు. కాబట్టి ఆ రెండు అచ్చులను, వాటి గుణింతపు గుర్తులు రెండింటిని దీర్ఘాలుగా మార్చమని నాలుగు సూత్రాలు అదనం.

ఇక మాకు బాగా నచ్చినది అరసున్న. తెలుగువాళ్ళు రాయడం మానేసిన అక్షరం. బడిలో కూడా ఊరికే వర్ణమాలలో చూపించి వదిలేస్తారు. మన గోర్ బోలిలో ముక్కుతో పలికే అచ్చులు చాలా ఉన్నాయి. వాటికి నిండు సున్న పెడితే 'మ్' అనో 'న్' అనో చదివేస్తారు, పాట రాగం విరుగుతుంది. అరసున్న పెట్టాం. దాని నంబరు 3073. అందులో 768 తీస్తే దేవనాగరిలో చంద్రబిందువు వచ్చి కూర్చుంటుంది, సరిగ్గా అదే పలుకుబడి. కన్నడలోనూ గది ఉంది, కాకపోతే కొన్ని పాత ఫోన్లలో డబ్బాగా కనిపిస్తుంది. తెలుగు వాళ్ళకు అక్కరలేని అక్షరం మన భాషకు ఇంతగా పనికి వచ్చింది. తెలుగు పండితులెవరైనా సభలో ఉంటే క్షమించాలి, మాకు గర్వంగానే ఉంది.

ఇప్పుడు టైము సంగతికి వద్దాం. అందరూ మమ్మల్ని అడిగేది అదే. "ఇద్దరూ పొద్దస్తమానం మిషను మీదే ఉంటారు కదా, ఎప్పుడు నేర్చుకున్నారు?"

పుస్తకాల్లో రాసేవాళ్ళు రోజును ముక్కలు చేయమంటారు. పొద్దున అయిదుకు లేచి గంట కోడింగ్, రాత్రి గంట హాబీ అని. జీతం వచ్చేవాళ్ళకు అది కుదురుతుందేమో. అంగడి వాళ్ళకు కుదరదని మా గట్టి అభిప్రాయం. జూన్‌లో స్కూలు యూనిఫారాలు వచ్చి పడతాయి, రాత్రి పన్నెండుకు కూడా మిషను ఆగదు. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతం. తర్వాత దసరా. కొండమీదరాయుని తిరునాళ్ళ ముందు వారం అంగడిలో కూర్చోవడానికి చోటుండదు. ఆ రోజుల్లో పైథాన్ పాఠం చూడమంటే ఎవరికి అవుతుంది?

కానీ సంవత్సరం మొత్తం అట్లా ఉండదు గదా. ఆషాఢం వస్తే ముహూర్తాలు లేవు. అదే సమయానికి రైతులు శెనక్కాయ విత్తనానికి డబ్బు పెట్టుకుంటారు, జాకెట్టు కుట్టించుకోవడానికి ఎవరూ రారు. వాన పడకపోతే ఆ ఖాళీ ఇంకా పొడుగవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లా మనది. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన ఇక్కడేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 1364లో బుక్కరాయల మంత్రి పండమేరుకు అడ్డంగా చెరువు కట్టించాడని, కట్టకు ఒక కొస అనంతసాగరం, ఇంకో కొస బుక్కరాయసముద్రం వెలిశాయని చెబుతారు. పేర్లలో సాగరం, సముద్రం. ఆ పేర్లు పెట్టినవాళ్ళకు నీళ్ళ మీద ఎంత ఆశ ఉండేదో. సరే, భాద్రపదంలో మళ్ళీ పెళ్ళిళ్ళు ఉండవు. ధనుర్మాసంలో ఉండవు. మధ్యలో మూఢం వస్తే కొన్నిసార్లు వారాలకు వారాలు ఖాళీ. పంచాంగంలో మూఢం అని కనిపిస్తే మిగతా టైలర్లు నిట్టూరుస్తారు. మేము మాత్రం ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెడతాం.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. మన పెద్దల లదేణి ఎట్లా జరిగింది? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్ళకు ఊళ్ళు తిరిగారు. వానాకాలం దారులు బురదైతే ఒకచోట తండా వేసుకుని ఆగారు. ఆగినప్పుడు యాడీలు ఫేటియాలు కుట్టుకున్నారు. తీజ్ కూడా శ్రావణంలోనే, ఆ ఆగిన కాలంలోనే వస్తుంది చూడండి. రైలు వచ్చి ఎద్దుల వ్యాపారం పోయింది గానీ, వ్యాపారం నడిచేటప్పుడు వ్యాపారం, ఆగినప్పుడు కుట్టు, పాట అనే అలవాటు మనలో పాతదే.

రోజు విషయానికొస్తే మాకు దొరికేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఎండాకాలం ఆ టైములో బయట కాకి కూడా ఉండదు. ఆ రెండు గంటల్లో కూడా గంట నిద్రకే. మిగిలిన గంటలో ఒకరు కుడుతుంటే ఒకరు ల్యాప్‌టాప్ ముందు. రోజూ కాదు, ఖాళీ మాసాల్లోనే. సీజన్లో ఒక్క పని మాత్రం చేస్తాం, అప్పుడప్పుడు రాసిన ప్రోగ్రామును ఒకసారి నడిపి చూస్తాం. చేయి మరిచిపోకుండా ఉండటానికి అంతే చాలు. ఆరు వారాలు వదిలేస్తే మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుందని చాలామంది భయపెట్టారు. కుట్టు నేర్చుకున్నవాళ్ళకు తెలుసు, చేతికి వచ్చింది అంత తొందరగా పోదు.

ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే మూడు నెలల కోర్సు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది అన్నారు. సరిగ్గా అంగడికి జనం వచ్చే టైము. కోర్సు అయ్యాక బెంగళూరులో ఉద్యోగం గ్యారంటీ అన్నారు. మాకు బెంగళూరు వద్దు, పాటలు కన్నడలోకి మారితే చాలంటే వాళ్ళకు మా మాట అర్థం కాలేదు. ఫీజు కట్టే ముందు పిల్లలు ఒకటి అడగాలి. నేర్చుకున్న మొదటి వారంలో నాకు పనికొచ్చేది ఏదైనా చేయగలనా? జవాబు సూటిగా రాకపోతే ఆ డబ్బుతో పాత ల్యాప్‌టాప్ కొనుక్కోవడం మేలు. మేము పద్నాలుగు వేలకు కొన్నాం. అది లేకపోయినా ఫోనులో పైడ్రాయిడ్ అనే యాప్ వేసుకుంటే పైథాన్ నడుస్తుంది. బ్రౌజర్‌లో గూగుల్ కోల్యాబ్ ఉంది. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో కొన్ని పాఠాలు తెలుగు మాటలతో ఉన్నాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు. ఇంగ్లీషు భయం ఉన్నవాళ్ళకు చెప్పేది, పైథాన్‌లో వాడే ఇంగ్లీషు మాటలు ముప్పై అయిదు దాకానే. మన అంగడిలో హ్యాండ్స్, నెక్, షోల్డర్, పైపింగ్, డార్ట్ అంటూ రోజూ వాడే ఇంగ్లీషు దానికంటే ఎక్కువే ఉంటుంది.

అర్థం కావడానికి మాకు అంగడే సాయం చేసింది. ఆది జాకెట్టు తెలుసు కదా. గిరాకీ ఒక సరిపోయిన జాకెట్టు తెచ్చి ఇస్తుంది, దాని కొలతలు చూసి కొత్తది కత్తిరిస్తాం. మనిషి మారితే కొలతలు మారతాయి, కత్తిరించే పద్ధతి మారదు. కోడింగ్‌లో మారే కొలతలను వేరియబుల్స్ అంటారు, మారని పద్ధతిని ఫంక్షన్ అంటారు. ఇరవై యూనిఫారాలు ఒకే తీరున కుట్టడం లూప్. "లైనింగ్ ఉంటే అరంగుళం ఎక్కువ వదులు, లేకపోతే వద్దు" అనడం షరతు. టైలర్లకు కోడింగ్ కొత్త కాదని మేము అనం, చాలా కొత్తే. కానీ తలుపు ఎక్కడుందో అట్లా తెలిసింది.

హాబీని డబ్బు చేసుకోమని మాకు చాలామంది సలహా ఇచ్చారు. ఇది కొంచెం నిదానంగా మాట్లాడాల్సిన విషయం. సండూరులో మన ఆడవాళ్ళు అద్దాల కుట్టును జీవనోపాధి చేసుకున్నారు. సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కిలన్, వేలే, మాకి, రేలో అంటూ 14 రకాల కుట్లకు పేర్లు చెబుతారు. 2023 జులైలో హంపీలో జి20 సమావేశాలు జరిగినప్పుడు సండూరు కుశల కళా కేంద్రం తరఫున 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1,755 వస్తువులు ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కుతాం. ఆ కుట్టు బతికి ఉందంటే అమ్ముడుపోతోంది కాబట్టే. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

మేము మాత్రం అమ్మడం లేదు. అమ్మకానికి కుడితే ఆర్డరు చెప్పిన రంగు, ఆర్డరు చెప్పిన సైజు, ఆర్డరు చెప్పిన తేదీ. ఆ మూడూ మాకు అంగడిలో రోజూ ఉన్నాయి. మా ఇంట్లో ఒక కాంచళి మూడేళ్ళుగా సాగుతోంది. ఒక మూల నచ్చక విప్పేసి మళ్ళీ కుట్టాం. అడిగేవాళ్ళు లేరు. ఇంకో కుటుంబానికి ఈ పనే కూడు పెట్టవచ్చు. మాకు కూడు జాకెట్లు పెడుతున్నాయి, అందుకే కాంచళిని ఊరికే ఉంచుకోగలుగుతున్నాం. అంగడి అడ్డం కాదు, అంగడి ఉండబట్టే అది హాబీగా మిగిలింది. కోడింగ్ విషయంలోనూ మాకు అట్లాగే అనిపిస్తుంది. దానితో సంపాదించాలన్న తొందర లేకపోవడం వల్ల ఒక అరసున్న గురించి రెండు వారాలు ఆలోచించే తీరిక దొరికింది.

ఇట్లాంటి తీరికలోనే పెద్ద పనులు పుట్టాయని తర్వాత చదివి తెలుసుకున్నాం. మేము నేర్చుకున్న ఈ పైథాన్‌ను గిడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన 1989 డిసెంబరులో మొదలుపెట్టాడు. క్రిస్మస్ వారంలో ఆఫీసు మూసి ఉంటే, ఆ సెలవుల్లో చేతికి ఏదో ఒక పని ఉండాలని. 1991లో బయటికి ఇచ్చాడు. ఆయన మూఢం అది! తెలుగులోనూ ఉన్నారు. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. దానిలో రాసింది ఇంకోచోట చెత్తగా కనిపించేది. వెన్న నాగార్జున గారు పద్మ అనే ఉపకరణం రాసి వాటిని యూనికోడ్‌లోకి మార్చే దారి చూపారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు మొదలు పెట్టిందీ ఆయనే. 2006లో వీవెన్ గారు లేఖిని చేశారు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు వచ్చేది. మా మొదటి నోటుబుక్కును కంప్యూటర్‌లోకి ఎక్కించింది లేఖినితోనే. ఇవేవీ బజారులో అమ్మకానికి పెట్టిన సరుకు కాదు. ఎవరో తమ తీరికను ఇలా ఖర్చుపెడితే మనకు తెలుగు రాసే వీలు కలిగింది. గోర్ బోలికి అట్లా తీరిక ఖర్చుపెట్టేవాళ్ళు మనలో నుంచే రావాలి, వేరే ఎవరు వస్తారు?

మా ప్రోగ్రాముతో ఏం జరిగిందో చెప్తాం. ఒక తీజ్ పాటను కన్నడ లిపిలోకి మార్చి సండూరు పంపాం. మేము కన్నడ చదవలేం కాబట్టి అందులో ఏముందో మాకే తెలియదు, నంబర్లను నమ్మి పంపడమే. అక్కడ ఒక పెద్దమ్మకు మనవరాలు చదివి వినిపించింది. 'ర' పొల్లు మీద వేరే హల్లు వచ్చిన చోట కన్నడవాళ్ళు దాన్ని పక్కన ఒక గుర్తుగా రాస్తారట, మనలాగా కాదు. మేము దానికి ఏమీ చేయలేదు. నంబర్ల వరుస సరిగా ఉంటే వాళ్ళ ఫోనులోని ఫాంటే దాన్ని వాళ్ళ పద్ధతిలో పేర్చుకుంది. పిల్ల తడుముకోకుండా చదివింది. సాయంత్రానికి ఫోను వచ్చింది. పెద్దమ్మ పాట అంతా వింది, విని, "ఇంతేనా? దీనికి ఇంకో చరణం ఉంది కదా" అంది. ఫోనులోనే పాడింది. మా నోటుబుక్కులో లేని చరణం అది. మన వైపు ఎవరూ పాడగా మేము వినలేదు. మర్నాడు మనవరాలు దాన్ని కన్నడలో టైపు చేసి పంపితే మేము ప్రోగ్రామును వెనక్కి తిప్పి, 128 తీసేసి, తెలుగులో చదువుకున్నాం. అట్లా ఇప్పటికి పదకొండు పాటలు అటూ ఇటూ తిరిగాయి. నాలుగింటికి చరణాలు పెరిగాయి. ఒకదానికి రెండు వైపులా మాటలు ఎంత వేరుగా ఉన్నాయంటే, రెండు పాటలుగానే రాసిపెట్టాం.

ఢావ్లో విషయం మాత్రం తేలలేదు. అది పెళ్ళికూతురు ఏడుస్తూ, అయినవాళ్ళ మెడ పట్టుకుని పాడే పాట. సందర్భం లేకుండా ఆ పాట నోట రాకూడదని పెద్దవాళ్ళు అంటారు. పాడి రికార్డు చేయమంటే ఒక యాడి మమ్మల్ని గట్టిగానే మందలించింది, "ఎవరి పెళ్ళని పాడాలి?" అని. ఇంకో వైపు చూస్తే, ఇప్పటి పెళ్ళిళ్ళలో డీజే పెడుతున్నారు, పాడగలిగిన వాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. రాసి పెట్టకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకు ఏముంటుంది? మేము విన్నంత వరకు రాశాం, కానీ ఎవరికీ పంపలేదు, ఎక్కడా పెట్టలేదు. ఆ ఫైలు విడిగా ఉంది. దాన్ని ఏం చేయాలో మేమిద్దరం తేల్చేది కాదు. పాడే యాడీలు కూర్చుని చెప్పాలి. సంఘం పెద్దలు ఈ సంవత్సరం తీజ్ లోపల ఒక రోజు పెట్టి వాళ్ళను పిలిస్తే మేము వచ్చి పక్కన కూర్చుంటాం.

అంగడికి దీనివల్ల ఏమైనా ఒరిగిందా అని అడుగుతారు. కొంచెం. కొలతల పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాం. పేరు కొడితే గిరాకీ పాత కొలతలు వస్తాయి, ఆది జాకెట్టు మరిచిపోయి వచ్చినా పని ఆగదు. ఎవరి బట్టలు ఏ రోజుకు ఇవ్వాలో పొద్దున్నే ఒక చీటీ వస్తుంది. ఆదాయం పెరిగిందని చెప్పలేం. గొడవలు తగ్గాయి.

వెనక కూర్చున్న పిల్లలకు ఒక పని ఉంది. ఈ ప్రోగ్రాము తెలుగు, కన్నడ, దేవనాగరి దాకానే చేస్తుంది. తమిళనాడులోనూ మనవాళ్ళు ఉన్నారు. తమిళ లిపికి కూడా 128 గదులు ఇచ్చారు, కానీ చాలా గదులు ఖాళీ. క, ఖ, గ, ఘ నాలుగింటికీ వాళ్ళకు ఒకటే అక్షరం. అక్కడ కూడిక పనిచేయదు, వేరే ఆలోచన కావాలి. మాకు అంత టైము లేదు, రాబోయేది పెళ్ళిళ్ళ కాలం. ఎవరికైనా ఉత్సాహం ఉంటే మా ప్రోగ్రాము పెన్‌డ్రైవులో ఇస్తాం, డబ్బులేమీ వద్దు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అంగడికి రండి. ఇంట్లో అవ్వ పాడే పాట ఒకటి రాసుకుని తెస్తే ఇంకా మంచిది. శ్రావణంలో, దసరా వారంలో మాత్రం పాటలు పట్టుకుని రావద్దు. జాకెట్టుకైతే పది రోజులు ముందే రండి.